ఎనిమిది కత్తుల అంగీ

మోరిస్‌విల్,
ఆదివారం పొద్దున.

మా అక్క హుస్సేనమ్మకి తమ్ముడు మస్తాన్ సలాములు.

దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, మా అమ్మాయి షంషాదూ, అల్లుడూ బాగున్నాం. నీ మోకాలు ఎట్లా ఉంది? ఆ నూనె రాస్తున్నావా, సీసా అలమార్లో పెట్టి చూసుకుంటున్నావా? కాశిం భార్యకి ఒళ్లు తేరుకుందా? పసిదానికి పేరు పెట్టారా, ఇంకా ‘పాప’ అనే పిలుస్తున్నారా? బర్రె ఈనిందా? అన్నిటికీ విడివిడిగా జవాబు రాయించు. ఫోన్లో అడిగితే ‘ఆ, ఆ, అంతా బానే ఉంది’ అంటావు. వెనకాల టీవీలో ఎవరో ఏడుస్తుంటారు. ఆ ఏడుపు సీరియల్లోదో మీ ఇంట్లోదో తేల్చుకోలేక నేను రెండు రోజులు అన్నం సయించక తిరుగుతాను. అందుకే ఈ ఉత్తరం.

ఇది నీకు చదివి వినిపించేది నీ కొడుకేనని నాకు తెలుసు. ఒరే కాశిం, గొంతు సవరించుకో. మధ్యలో నీ సంగతి వస్తుంది, దాటేసి చదవబాకు. మీ అమ్మకి అక్షరాలు రాకపోయినా నీ మొహం చదవడం వచ్చు.

అక్కా, మొన్న మీరిద్దరూ ఫోన్లో పోట్లాడుకుంటూ నన్ను మధ్యవర్తిగా పెట్టారు. అమ్మ కుట్టిన బొంత పసిదాని కింద వెయ్యాలని నువ్వు. దాని మూలన ఎర్రగుడ్డతో కుట్టిన చెయ్యి విప్పేస్తేగానీ వెయ్యనని కాశిం. పీర్ల పండక్కి ఎత్తుకు తిరిగే పంజా ఉంటుందే, అట్లాంటి అయిదు వేళ్ల చెయ్యి. ‘మామా, ఇట్లాంటివి మన మతంలో లేవు, గుడ్డముక్క పిల్లని కాపాడదు, నువ్వే చెప్పు’ అన్నాడు. వాడన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా నేను అప్పుడు ఏమీ చెప్పలా. ఇప్పుడూ చెప్పను. ముందు ఈ మధ్య నేను చేసిన ఘనకార్యం ఒకటి వినండి.

ఇక్కడ ఇప్పుడు పసుపు కాలం. నవ్వబాకు. ఊరి చుట్టూ పైన్ చెట్లు, మన సరుగుడు చెట్లకి పెద్దన్నల్లా ఉంటాయి. చలి తగ్గగానే వాటి పుప్పొడి రాలి కార్ల మీద, మెట్ల మీద, కుక్కల వీపుల మీద పసుపు చల్లినట్టు పడుతుంది. ఊరంతా పెళ్లికి సిద్ధమైనట్టే ఉంటుంది, పెళ్లివాళ్లు మాత్రం కనపడరు. తుమ్ములు తప్ప నాకు ఏ జబ్బూ లేదు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. బెంగపడబాకు.

మనుషులు లేక కాదు. షంషాదూ అల్లుడూ ఇంట్లోంచే ఆఫీసు చేస్తారు, చెరో గదిలో, చెవుల్లో యంత్రాలు పెట్టుకుని. షంషాద్ పకపకా నవ్వితే నాతోననుకుని నేనూ నవ్వుతాను. అది చెయ్యి అడ్డం పెట్టి, ‘నాన్నా, మీటింగ్‌లో ఉన్నాను’ అంటుంది. ఎవరి మాటకో నవ్వి ఎవరి దగ్గరో సిగ్గుపడటం, వచ్చిన కొత్తలో నా ఉద్యోగం అదే.

అసలు ఉద్యోగం తర్వాత దొరికింది. షంషాద్ తన కోటు చేతులు కురచ చేయించడానికి పక్క ఊరు డర్హంలో ఒక కొట్టుకి తీసుకెళ్లింది. అమెరికాలో టైలరంటే కుట్టేవాడు కాదక్కా, కురచ చేసేవాడు. బట్ట కొనుక్కునేది ఒకచోట, ఒంటికి పట్టించుకునేది ఇంకోచోట. ఆ కొట్టు నిండా తలుపుల్లాగా వెడల్పాటి అంగీలు వేలాడుతున్నాయి. మన అలవాటు నీకు తెలుసుగా, చేతికి బట్ట తగిలితే ముందు తిరగేసి వెనకవైపు కుట్టు చూస్తాం. నేను అట్లా ఒకదాన్ని తిరగేస్తుంటే కొట్టామె కళ్లజోడు పైనుంచి చూసింది.

‘టైలరా?’ అంది.

‘టైలరే’ అన్నాను.

ఇంటర్వ్యూ అంతే. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి చట్టానికి అభ్యంతరం లేదు. షంషాద్‌కే అభ్యంతరం. ‘ఈ వయసులో నాన్నని పనికి పంపుతోందని అందరూ అనుకుంటారు’ అంది. ‘అందరూ అంటే ఎవరమ్మా, ఈ వీధిలో మనిషి కనపడి ఎన్నాళ్లయింది?’ అన్నాను. ఇప్పుడు వారానికి మూడు పూటలు తనే కార్లో దించి వెళుతుంది.

ఆ కొట్టామె పేరు రబీ. హజ్ చేసొచ్చిన ఆడమనిషిని వాళ్లు హాజియా అంటారు, కాబట్టి హాజియా రబీ. వయసులో నాకంటే చిన్నదే, గొంతులో మాత్రం పెద్దది. నైజీరియాలో కానో అనే పాత ఊరు వాళ్లది, హౌసా వాళ్లు. మన దగ్గర టైలర్ని మాస్టర్ అంటారని చెప్పిన దగ్గర్నుంచీ నన్ను ‘మాస్టర్’ అనే పిలుస్తుంది. భర్త సానీ గారు ఇక్కడ టాక్సీ నడిపి నడిపి, కొన్నేళ్ల కిందట గుండె ఆగి పోయాడు. ఒక్కడే కొడుకు ఇబ్రహీం. డర్హంలోనే పుట్టాడు, మందుల కంపెనీలో ఉద్యోగం. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండు కుంటెద్దులు. కానీ ఒకే కాడికి కడితే బండి నడుస్తూనే ఉంది.

తిండి గురించి అడిగావు. హాజియా మధ్యాహ్నం డబ్బా తెస్తుంది. ఒకరోజు మూత తీస్తే ఏముందనుకున్నావు, సంగటి ముద్ద! పక్కన బెండకాయ పులుసు, కాస్త జారుడుగా. వాళ్లు దాన్ని తువో అంటారు. నేను ముద్ద తుంచి గుంట చేసి పులుసులో ముంచేసరికి ఆమె పని ఆపి చూసింది. ‘నీకెవరు నేర్పారు మాస్టర్?’ అంది. ‘మా అమ్మ’ అన్నాను. ఆ రోజు నుంచీ డబ్బాలో ముద్దలు రెండు. కాబట్టి తమ్ముడు చిక్కిపోయాడేమోనని ఏడవబాకు. నడుం దగ్గర నా ప్యాంట్లు నేనే వదులు చేసుకుంటున్నాను.

ఇక అంగీల సంగతి. వీటిని వాళ్లు బబ్బన్ రిగా అంటారు, అంటే పెద్ద అంగీ అని. పాతవాటిలో బట్ట ఒక్క పన్నా కాదు. మన నవారు మంచం పట్టీలాంటి సన్న పట్టీలు నేసి, పక్కపక్కన పెట్టి కుట్టుకుంటూ పోతారు. రంగు కానోలోని నీలిమందు గోతుల్లో ముంచినది. మీద కుట్టుపనికి పూర్వం వాడిన పట్టుదారం, చింతచెట్టు మీద పెరిగే పురుగు గూడు నుంచి తీస్తారట. చూశావా, మనం చింతచెట్టుని చూసి పులుసనుకుంటాం, వాళ్లు చూసి పట్టనుకున్నారు. నీకు తెలుసుగా నా చదువంతా కటింగ్ కోసం తెచ్చిన పాత పేపర్ల మీద జరిగింది. ఏ వార్తా చివరిదాకా చదవలా. యుద్ధం మొదలైంది ఉంటుంది, ఎవరు గెలిచారో చంక దగ్గర కత్తిరించేసి ఉంటుంది. చింతచెట్టు పట్టు గురించి చివరిదాకా తెలుసుకున్నాను, అదే మొదటిసారి.

వాటి మీద మనిషి బొమ్మ ఉండదు, జంతువు బొమ్మ ఉండదు. మన మసీదు గోడ మీద లేనట్టే. మరి చెప్పుకోవలసిందంతా గీతల్లో, ముడుల్లో, గళ్లలో చెప్పుకోవాలి. మీ వాకిట్లో పక్కింటి వెంకాయమ్మ గారు చెయ్యి ఎత్తకుండా తిప్పే ముగ్గు లేదూ, అట్లాంటి మెలికల ముడి ఒకటి ఉంటుంది. మొదలెక్కడో చివరెక్కడో పట్టుకోలేం. కుడివైపు గుండె మీద చుట్లు చుట్టుకుపోయిన ఒక గుండ్రం, అది రాజుల నగారా అట. ఎడమవైపు పెద్ద జేబు, దాని చుట్టూ, మెడకి రెండువైపులా పొడుగ్గా, కొనదేలిన మొనలు. అవి కత్తులు. అట్లాంటివి ఎనిమిదుంటే ఆ అంగీ పేరే ఎనిమిది కత్తులు.

ఎందుకు కత్తులని అడిగాను. హాజియా, ‘దిష్టిని కోస్తాయి’ అంది. కొట్టుకొచ్చే సెనెగల్ ముసలాయన, ‘మావైపు కత్తులుండవు, చొక్కా లోపల గళ్లు గీసి అంకెలు రాస్తాం’ అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. మన తాయెత్తులో రాగిరేకు మీద ఉండేవీ ఆ గళ్లే, ఆ అంకెలే! ఏ సముద్రం మీద ఏ ఓడలో ఎవరు మోసుకొచ్చారో, ఆ వార్త చంక దగ్గర కత్తిరించేశారు. ఇక హాజియా వాళ్లన్న మాలం కానోలోనే ఉంటాడు, మాలం అంటే ఖురాను నేర్పే మేష్టారు. కుట్టుపని చేసేదీ ఆయనే. పలక మీద అక్షరం రాసే చేత్తోనే బట్ట మీద గీత గీస్తాడు. ఆయన ఫోన్లో చెప్పింది ఇంకోటి. ‘స్వర్గానికి ఎనిమిది గుమ్మాలు. గుర్తుకోసం’ అన్నాడు. మర్నాడు మళ్లీ అడిగితే, ‘చూడ్డానికి బావుంటుందని’ అన్నాడు.

ఆ దేశంలో పలక మీద రాసిన వాక్యాన్ని కడిగి ఆ నీళ్లు జబ్బుపడ్డ వాళ్లకి తాగిస్తారట. నేను నీ సంగతి చెప్పాను. నీకు అయిదేళ్లప్పుడు విషజ్వరం వస్తే సాహెబు పింగాణీ పళ్లెంలో కుంకుమపువ్వుతో రాసి, కడిగి, తాగించాడని అమ్మ చెప్పేది కదా. హాజియా తల ఊపి, ‘అయితే మీ అక్క మా మనిషే’ అంది. నీకు కానోలో బంధువులున్నారక్కా, గుర్తుంచుకో.

రంజాను మధ్యలో, ఇబ్రహీం పెళ్లి ఖాయమైంది. పండగ వెళ్లాక నిఖా. హాజియా ఒకరోజు పాత దుప్పట్లో చుట్టిన మూట విప్పింది. సానీ గారి పెళ్లి అంగీ. బావమరిదికని మాలం చేత్తో కుట్టింది. నీలం మీద మీగడ రంగు పట్టు, కత్తుల మొనలు ఇంకా మెరుస్తున్నాయి. మెడ పక్కన మాత్రం బట్ట చివికి జల్లెడైంది.

అప్పుడే కొడుకు వచ్చాడు. ఆమె అంగీ ఎత్తి వాడి భుజాలకి ఆనించబోయింది. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

‘వద్దమ్మా. తెల్ల జుబ్బా వేసుకుంటాను.’

‘ఇది మీ నాన్నది.’

‘నాన్నదైనందుకు కాదు. దాని మీద ఉన్నవాటిని జనం నమ్ముతారు. కత్తులు కాపాడతాయంటారు. కాపాడేది అల్లా ఒక్కడే. పెళ్లిరోజు అట్లాంటిది నా ఒంటి మీద వద్దు.’

‘మీ నాన్న నమాజు మానిన పూట ఉందా?’

‘లేదు.’

‘ఇది వేసుకోని పండగ ఉందా?’

‘ఆయనకి ఎవరూ చెప్పలేదమ్మా.’

‘ఓహో. నీకు చెప్పారు. ఫోన్లో.’

ఊరుకుంటే నేను మస్తాన్ని ఎట్లా అవుతాను? ‘బాబూ, కార్లో బెల్టు పెట్టుకుంటావా?’ అన్నాను.

‘అది సైన్స్ అంకుల్.’

‘కాపాడేది బెల్టా, అల్లానా?’

వాడు నవ్వేశాడు. మంచి పిల్లాడక్కా, కోపం రాదు. ‘అంకుల్, మీరు లాయర్ అవ్వాల్సింది’ అన్నాడు. ‘లాయర్లకి కోట్లు కుట్టాను, చాల్లే’ అన్నాను. కానీ అంగీ మాత్రం ముట్టుకోలా. వాడు వెళ్లాక హాజియా దాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు అరచేత్తో దువ్వింది. ‘బాగుచేసి ఉంచు మాస్టర్. వాడు వేసుకోకపోతే పెళ్లిలో నా పక్క కుర్చీ మీద వేస్తాను. వాళ్ల నాన్న కూర్చున్నట్టుంటుంది’ అంది. ఖాళీ కుర్చీ మీద ఖాళీ అంగీ.

తర్వాత ఆమె పెళ్లి బట్టలు కొనడానికి న్యూయార్క్ వెళ్లింది, కొట్టు తాళాలు నాకిచ్చి. నేనూ అంగీ మిగిలాం. కింద అంచు లోపలి మడత నుంచి గుడ్డ తీసి, చివికిన చోట అతుకు వేశాను. అతుకెక్కడో నాకే కనపడలా. ఇక కత్తులు చూశాను. ఒకపక్క అయిదున్నాయి. ఇంకోపక్క మూడే ఉన్నాయి. ఆ మూడింటి పక్కనే నేను అతుకేసిన జాగా, సరిగ్గా రెండు కత్తులు పట్టేంత.

జీవితమంతా జాకెట్లు కుట్టిన చెయ్యి నాది. ఎడం కుడి సమానం లేకపోతే మన ఆడవాళ్లు బజార్లో నిలబెట్టి అడుగుతారు. ఇంకేం ఆలోచిస్తాను? అయిదూ మూడూ కూడితే ఎనిమిదేనని తట్టనే లేదు. చివికిన చోట రెండు కత్తులు ఊడిపోయాయి, పాపం చెప్పడం మర్చిపోయిందనుకున్నాను. తెల్ల పట్టుదారం టీ డికాషన్లో నానేసి, ఆరేసి, పాత దారం రంగుకి తెచ్చాను. సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే అంగుస్తానా లేకపోతే, ఒక ఇత్తడి మూత పెట్టుకుని కుట్టాను. (నా మిషను సొరుగులో నాయనది పాత అంగుస్తానా ఉంది. ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. మర్చిపోబాకు.) అక్కా, గొప్ప చెప్పుకోవడం కాదు, ఆ రెండు కత్తులూ ఎంత బాగా కుదిరాయంటే, ఎండ పడేచోట అంగీ వేలాడదీసి, తుడిచిన కిటికీనే మళ్లీ తుడుస్తూ అటే చూస్తూ గడిపాను.

హాజియా వచ్చింది. పెట్టె కింద పెట్టకుండానే అంగీ దగ్గరికి వెళ్లింది. అతుకు మీద వేలు పెట్టి వెతికి, దొరక్క నా వంక మెచ్చుకోలుగా చూసింది. ఆ తర్వాత వేలు పక్కకి జరిగింది. జరిగి, ఆగింది.

‘మాస్టర్, ఇవేంటి?’

‘ఊడిపోయిన రెండూ మళ్లీ వేశాను.’

ఆమె స్టూలు మీద కూర్చుంది. ‘ఊడిపోలేదు మాస్టర్’ అంది మెల్లగా. ‘ఎప్పుడూ లేవు.’

భూమి చీలితే బావుండుననిపించింది. కానీ ఇక్కడ నేలంతా కాంక్రీటు.

తిట్టినా బావుండేది, తిట్టలా. అన్నకి వీడియో కాల్ చేసి అంగీ చూపించింది. మాలం గారు దగ్గరగా కళ్లు పెట్టి లెక్కపెట్టి, టోపీ పడిపోయేంత నవ్వాడు. ‘పది కత్తులా! రబీ, నీ కొడుకు పెళ్లికొడుకా, కసాయివాడా?’ అన్నాడు. నేను మొహం ముందుకు పెట్టి, రెండువైపులా సమానం చెయ్యబోయానని చెప్పుకున్నాను. ‘మూడు అటు, అయిదు ఇటు, అదే దాని లెక్క. సమానంగా ఉండాలని నీకెవరు చెప్పారయ్యా? నీ రెండు చెవులూ సమానంగా ఉన్నాయా?’ అన్నాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. లేవక్కా.

‘విప్పేస్తాను హాజియా’ అన్నాను మర్నాడు.

‘ఎందుకు? వాడు ఎట్లాగూ వేసుకోడు. కుర్చీకి ఎన్ని కత్తులైతే ఏంటి?’ అని మొహం తిప్పుకుంది. ఆ మాటతో నేను ఇంకా కుంగిపోయాను. ఆమె దగ్గర ఆయనవి మిగిలిన వస్తువుల్లో బాగున్నది అదొక్కటే. దాన్ని నేను బాగుచేశాను!

ఆ వారంలోనే ఇబ్రహీం తల్లిని బజారుకి తీసుకెళ్లడానికి వచ్చాడు. అంగీ గోడకి ఉంది. వాడు ఫోన్ చూసుకుంటూ, మామూలుగా పక్క నుంచి వెళుతూ, ఆగాడు. వెనక్కొచ్చాడు. చూపుడువేలు ఎత్తి, బట్టకి తగలకుండా, ఒక్కొక్క కత్తి మీద గాల్లో ఆనిస్తూ వాళ్ల భాషలో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి, చిన్నపిల్లాడి మొహంలా ఉంది. ఎనిమిది దగ్గర ఆగి, ఇంకా మిగిలిన రెండింటినీ చూశాడు.

‘ఇవి నాన్న మీద లేవు’ అన్నాడు.

విన్నావా అక్కా. ‘అంగీ మీద లేవు’ అన్లేదు.

‘నేనే వేశాను బాబూ, తెలియక’ అన్నాను.

‘తీసెయ్యండి అంకుల్.’

హాజియా వెనక గదిలోంచి వచ్చింది. ‘ఎందుకు తియ్యాలి? నువ్వు వేసుకోని దానికి ఎన్నుంటే నీకెందుకు? నీ లెక్కలో అది ఒట్టి గుడ్డేగా? పదుంటే ఇంకా మంచిది, మంత్రం చెడిపోయింది. వేసుకో మరి!’

నేను కత్తెర సర్దాను, సర్దిన కత్తెర మళ్లీ సర్దాను. ఇబ్రహీం తన కారు తాళాలు బల్ల మీద పెట్టి, నా ఎదురుగా స్టూలు లాక్కున్నాడు.

‘ఎట్లా తీస్తారో చూపించండి.’

అంగీ దింపి, తిరగేసి పరిచాను. ‘ముందువైపు నుంచి లాగబాకు, బట్ట చిరుగుతుంది. వెనక నుంచి పోవాలి. ఇదిగో, కొన్ని కుట్లు వదిలి ఒకటి తెంపు, మళ్లీ కొన్ని వదిలి ఒకటి తెంపు. అప్పుడు ఇటు తిప్పి నెమ్మదిగా లాగితే దారం దానంతటదే వస్తుంది’ అని ఒక కత్తి నేను పట్టుకుని, ఒక కత్తి వాడికిచ్చాను. మందులు కొలిచే చెయ్యి కదా, బాగా కుదురు. కుట్టేటప్పుడు పడ్డ ముచ్చట విప్పేటప్పుడు ఉండదు అంటారు గానీ, నాకు ఆ పూట కుట్టినప్పటికంటే బావుంది.

విప్పుతూ విప్పుతూ వాడే చెప్పాడు. చిన్నప్పుడు శుక్రవారం మసీదుకి తీసుకెళ్లి తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడట. ఇమాం గారి ఉపన్యాసం అర్థమయ్యేది కాదు. అందుకని కత్తులు లెక్కపెట్టేవాడు. అయిపోతే మళ్లీ మొదలు. వాళ్ల భాషలో అంకెలు వాడు నేర్చుకుంది అక్కడే, తండ్రి గుండె మీద. ‘ఎనిమిది తర్వాత అంకె చాన్నాళ్లు రాలేదు నాకు’ అని నవ్వాడు. ‘గుమ్మాలో, దిష్టో, అవన్నీ నాకు తెలియదు అంకుల్. ఇప్పటికీ నమ్మను. కానీ ఎనిమిదే ఉండాలి.’

హాజియా గుమ్మంలో నిలబడి వింటోంది. బజారు సంగతి ఎవరికీ గుర్తులేదు.

దారం వచ్చేసింది. సూది బెజ్జాలు మాత్రం నీలం మీద సన్నగా, రెండు కత్తుల నీడలా మిగిలాయి. ‘తడిపి ఇస్త్రీ చేస్తే మూసుకుంటాయి’ అన్నాను. హాజియా, ‘ఉండనీ మాస్టర్. నువ్వూ పెళ్లికి వచ్చినట్టుంటుంది’ అంది. అప్పుడు వాడు లేచి నిలబడి, చేతులు చాపాడు, కొలతలకి నిలబడ్డట్టు. తల్లికి మొదట అర్థం కాలా. అర్థమయ్యాక అంగీ ఎత్తడానికి చేతులు రాలా. నేనే తొడిగాను.

‘ఒక్క షరతు’ అన్నాడు అంగీ మెడలోంచి తల బయటపెట్టి. ‘దీనికి శక్తి ఉందని ఎవరూ అనకూడదు.’

‘అనను’ అంది తల్లి, వెంటనే.

ఆమె అన్లేదు గానీ, పెళ్లిలో మిగతా వాళ్లందరూ అన్నారు. వచ్చిన ప్రతి ఆంటీ వాడి బుగ్గ పట్టుకుని, ‘మాషా అల్లా, తండ్రి ఎనిమిది కత్తులూ మీద ఉండగా నిన్నెవరు ముట్టుకుంటారు!’ అంది. వాడు నా వైపు చూసి కళ్లు పైకెత్తాడు. నేను సీటుబెల్టు పెట్టుకున్నట్టు సైగ చేశాను. షంషాద్ కూడా వచ్చింది, చెవుల్లో యంత్రం లేకుండా. వేరుశనగ పొడీ కారం పట్టించి కాల్చిన మాంసం పుల్లలు పెట్టారు. రెండే తిన్నాను, నిజం. షంషాద్‌ని అడుగు.

నిఖా ఉపన్యాసం చాలాసేపు సాగింది. ఇమాం గారు మంచివారే, ముగించడమే తెలియదు. ఇబ్రహీం తల వంచుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఆ అంగీ చేతులు ఎంత వెడల్పంటే లోపల చెయ్యి ఏం చేస్తుందో ఎవరికీ కనపడదు. నేను పక్కన కూర్చున్నాను కాబట్టి కనపడింది. వాడి చూపుడువేలు గుండె మీద నెమ్మదిగా కదులుతోంది, ఒక మొన మీద నుంచి ఇంకో మొన మీదికి.

హాజియా పక్క కుర్చీలో ఎవరో గాంబియా ఆవిడ, పెళ్లికూతురి తరఫు, కూర్చుని గట్టిగా మాట్లాడుతోంది.

అదీ అక్కా సంగతి. ఇక ఒరే కాశిం, నీ వంతు. దగ్గబాకు.

గుడ్డముక్క పిల్లని కాపాడదన్నావు. కాపాడదు. నేను ఒప్పుకుంటాను. అయితే ఆ బొంత మీద ఉన్న చెయ్యి ఎవరిదో నీకు తెలియదు. మీ అమ్మకీ గుర్తుండకపోవచ్చు, అప్పటికి నేనింకా పుట్టలా. నాకు సూదిలో దారం ఎక్కించడం నేర్పేటప్పుడు అమ్మ చెప్పింది. మీ అమ్మకి విషజ్వరం వచ్చినప్పుడు, బతికితే పీరుకి చెయ్యి కుట్టిస్తానని మొక్కుకుందట. జ్వరం తగ్గింది. నాయన దూది ఏకి ఇచ్చాడు. అమ్మ బొంత కుట్టింది. చెయ్యి కత్తిరించడానికి కొలత కావాలి కదా? మంచం మీద నిద్రపోతున్న మీ అమ్మ అరచెయ్యి మెల్లగా తీసి ఎర్రగుడ్డ మీద పెట్టి, బొగ్గుతో చుట్టూ గీసిందట. మొక్కు పీరుకి. కొలత మాత్రం మీ అమ్మది.

నువ్వు విప్పాలనుకుంటే విప్పు, నేను వద్దనను. మతం సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. కానీ విప్పే ముందు ఈ ఉత్తరం పక్కన పెట్టి, బొంత తెచ్చి, మీ అమ్మ చెయ్యి దాని మీద పెట్టి చూడు. తర్వాత పసిదానిది పెట్టు. అప్పటికీ విప్పాలనిపిస్తే వెనకవైపు నుంచి విప్పు నాయనా, ముందు నుంచి లాగబాకు.

అక్కా, అంగుస్తానా మర్చిపోబాకు. మోకాలికి నూనె మర్చిపోబాకు. బీపీ మాత్ర నేను మర్చిపోను. వెంకాయమ్మ గారిని అడిగానని చెప్పు, ఆమె ముగ్గు గురించి డర్హంలో చెప్పుకున్నామని కూడా చెప్పు, మురిసిపోతుంది. దర్గా దగ్గర పెద్దలకీ, మన వీధిలో నన్ను తలుచుకునే వాళ్లకీ, తలుచుకోని వాళ్లకీ నా సలాములు. కాశిం భార్యకీ పసిదానికీ దీవెనలు. ఈసారి నమాజులో చేతులెత్తినప్పుడు నా పేరు కాస్త గట్టిగా అను, చాలా దూరం రావాలి.

నీ దువా కోసం తల వంచే

తమ్ముడు
మస్తాన్